చెప్పుల మొక్కు

చచ్చిన బిడ్డను కన్న మూడో రోజున మా చెల్లెల్ని ఆమె మొగుడు చెప్పుతో కొట్టాడు. రాజమండ్రిలో, ఆసుపత్రి వార్డులో, పక్క మంచాల మీద పసిపిల్లలు పాలు తాగుతుండగా కొట్టాడు. రక్తం ఎక్కించే గొట్టం ఇంకా ఆమె చేతికే ఉంది. చెప్పు నాది. రబ్బరు అడుగున ఉండే గళ్ళు ఆమె మెడ పక్కన ఎర్రగా అచ్చుపడ్డాయి. రెండో దెబ్బ వీపు మీద, మూడోది అడ్డం పెట్టిన మోచేతి మీద. మంచం పక్కన నిలబడ్డ అత్తగారు ఆపలేదు. గుమ్మంలో నేను కాఫీ ఫ్లాస్కుతో నిలబడి ఉన్నాను.

ఆ దెబ్బలు ఆమె కాళ్ళకు చెప్పులు తొడుక్కున్నందుకు. కాలికి తగలకూడని చెప్పు వీపుకు తగలవచ్చునని ఆ ఇంటి ధర్మం. ఈ ధర్మం ఎక్కణ్ణించి వచ్చిందో, దాని కింద ఏ పురుగు పాకుతోందో నాకు తెలిసినంత మేరకు రాస్తాను.

మాది నిడదవోలు. మా నాన్నగారు బడిపంతులు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద వాదసభ జరిగేది. మైల, ముహూర్తం, మొక్కుబడి, విధవకు బొట్టు, ఏదో ఒక విషయం పట్టుకుని రెండు పక్షాలుగా చీలేవాళ్ళం. ఆయన పెట్టిన షరతు ఒకటుంది. ఎదుటివాడి మాటను ముందు నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది సరిగ్గా ఇదే" అని వాడు తలూపాకే నువ్వు దాన్ని ఖండించాలి. నాకు ఆ షరతంటే చిరాకు. తప్పని తెలిసినదాన్ని అంత ముద్దుగా ఎందుకు చెప్పాలి? మా చెల్లికి మాత్రం అది ఆట. ఒకసారి మొక్కుబడుల తరఫున మాట్లాడి నన్ను చిత్తుగా ఓడించింది. ఇంట్లో ఎవరికీ మొక్కులు లేవు, అయినా మొక్కుకునేవాళ్ళ గొంతు దానికి వచ్చేసింది.

నేను పెద్దయ్యాక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, పత్రికల్లో వ్యాసాలు రాస్తూ, పదిమందితో తగువు పెట్టుకుంటూ రాజమండ్రిలో స్థిరపడ్డాను. చెల్లిని ధవళేశ్వరం దాటాక కాలవ వెంట వచ్చే ఒక ఊళ్ళో నర్సరీ ఉన్న రైతుకుటుంబానికి ఇచ్చారు. బలవంతం ఏమీ లేదు. దానికి మొక్కలంటే ప్రాణం. కొబ్బరి చెట్ల నీడలో వరసలు వరసలుగా క్రోటన్లు, గులాబీలు, అంటు మామిళ్ళు చూసి "ఇక్కడే ఉండిపోతానక్కా" అంది పెళ్ళిచూపుల రోజునే.

మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఎందుకు పోయిందో చెప్పలేమనీ, ఒక్కోసారి కారణం దొరకదనీ డాక్టరు అంది. అది నిజాయితీ ఉన్న మాట. కాని "తెలియదు" అన్న మాటను మన ఇళ్ళలో ఎవరూ ఒంటరిగా వదలరు. దాని పక్కన ఎవరినో ఒకర్ని కూర్చోబెట్టాలి, దేవతనో, దిష్టినో, కోడలినో. చెల్లి అత్తగారు ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. పెద్దాపురం జాతరకు వెళ్ళి అమ్మవారి ముందు నిలబడి మొక్కింది: బిడ్డను ఎత్తుకుని వచ్చి నీ గుడి మెట్లు ఎక్కేదాకా నా కోడలు కాలికి చెప్పు తొడగదు.

మొక్కింది ఒకరు, నడవాల్సింది ఇంకొకరు. ఫోన్లో ఈ సంగతి విని నేను మండిపడ్డాను.

"నువ్వెలా ఒప్పుకున్నావే? నాన్నగారి అరుగు మీద పెరిగినదానివి!"

"వాదిస్తే ఆ ఇంట్లో అన్నం గొంతు దిగదక్కా. పోనీలే, చెప్పులే కదా."

చెప్పులే కదా. ఈ మాట నేను జీవితంలో మరిచిపోను. లోకంలో ఆడవాళ్ళు వదులుకున్న ప్రతిదాని వెనకా ఒక "కదా" ఉంది.

రెండో కడుపు నిలిచింది. అయిదో నెలలో నేను చూడ్డానికి వెళ్ళాను. ఆ నర్సరీ వెనకవైపు మట్టి కలిపే పెద్ద గుంట ఉంటుంది. ఎర్రమట్టి, ఊక, కొబ్బరిపొట్టు, నల్లటి ఎరువు ఏదో పోసి, నీళ్ళు పెట్టి, ఆడకూలీలు కాళ్ళతో తొక్కుతారు. ఆ మట్టినే ప్లాస్టిక్ సంచుల్లో నింపి మొక్కలు నాటుతారు. కొత్త మట్టి కలిపినప్పుడల్లా గుంటలో మొదట కడుపుతో ఉన్న ఆడమనిషి దిగి తొక్కాలని ఆ ఇంట్లో పట్టింపు. నిండు మనిషి తొక్కిన మట్టిలో అంటు చక్కగా పట్టుకుంటుందట. నేను వెళ్ళేసరికి మా చెల్లి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని మోకాళ్ళ దాకా ఆ నల్ల బురదలో ఉంది. గట్టు మీద మా మరిది నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దాకా గమ్ బూట్లతో.

"బూట్లేంటి మరిదిగారూ?" అన్నాను.

"మట్టిలో పాములుంటాయండీ వదినగారూ."

"మా చెల్లి కాళ్ళను పాములు కుట్టవా?"

"ఆవిడది అమ్మవారి మొక్కు కదండీ. పాము తప్పుకుంటది."

గుంటలో ఉన్న కూలీ మనిషి ఒకావిడ పకపకా నవ్వింది. "ఆయ్, పాముక్కూడా మొక్కు సంగతి ముందే చెప్పొచ్చారండి మా బాబుగారు!"

అందరూ నవ్వారు. మా మరిది కూడా నవ్వాడు. అతను రాక్షసుడు కాదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి. రాక్షసులైతే పని సుళువయ్యేది.

చెల్లి పైకి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు. గోకి గోకి చర్మం లేచిపోయింది. అత్తగారు పసుపూ ఆముదమూ కలిపి పట్టించింది.

"దురదేనమ్మా. అమ్మవారు పాదాలు పట్టుకుందన్న మాట. మంచి శకునం" అంది.

చెల్లి పెదాలు పాలిపోయి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మాట్లాడుతూ మాట్లాడుతూ చీర చెంగులోంచి పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటోంది, మట్టిబెడ్డ కూడా ఒకటి చప్పరిస్తోంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏవని అడిగాను. అత్తగారు నిదానంగా చెప్పింది, కాలవలో వేశానని.

"అవేసుకుంటే పిల్లలు నల్లగా పుడతారమ్మా. మా వీధిలో చూశాం."

"మీ అబ్బాయి మల్లెపువ్వేంటండీ అత్తయ్యగారూ?"

"వాడు మగాడు, ఎండలో తిరిగి మాడిపోయాడు. పుట్టినప్పుడు పాలమీగడే."

నేను గొడవపడ్డాను. ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను. రక్తపరీక్ష అన్నాను. అరిచాను. మా మరిది ముఖం మాడింది. "శుభమా అని కడుపుతో ఉంటే మా ఇంటికొచ్చి ఏడుపు మాటలేంటండీ?" అన్నాడు. చివరికి చెల్లే నన్ను గేటు దాకా తీసుకొచ్చి, "నువ్వెళ్ళిపో అక్కా. నువ్వు అరిచిందంతా నువ్వెళ్ళాక నామీద పడుతుంది" అంది. ఆమె కాళ్ళ కింద రోడ్డు కాలిపోతోంది. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడి నాకు చెయ్యి ఊపింది.

ఏడో నెలలో బిడ్డ కదలడం మానేసింది. అత్తగారు ఆ పగలంతా ఆగింది. అమావాస్య కదా, నిద్రపోతున్నాడంది. మర్నాడు ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి డాక్టరు ఆమె కింది కనురెప్ప లాగి చూస్తోంది. ఆ లోపలి చర్మం ఉడికించిన గుడ్డు తెల్లసొనలా ఉంది.

"ఈ మనిషిలో రక్తం ఏదమ్మా?" అంది డాక్టరు, ఎవర్నీ ఉద్దేశించకుండా. "ఇంత తక్కువ రక్తంతో ఈమె నడిచి వచ్చిందా?"

బిడ్డ గుండె ఆగిపోయి ఉంది. ఆగిపోయిన బిడ్డనైనా కనాల్సిందే. నొప్పులు తెప్పించారు. ఒక పక్క రక్తం ఎక్కుతుండగా, ఇంకో పక్క కారిపోతుండగా ఆమె ఆ రోజంతా అరిచింది. అరవడానికి ఊపిరి చాలక, సగం అరిచి ఆగి, మళ్ళీ ఆ సగం అందుకుంది. పురుటి నొప్పి పవిత్రమని రాసేవాళ్ళందరినీ ఆ గది గోడకు నిలబెట్టి చూపించాలనిపించింది. బిడ్డ బయటికి వచ్చాక ఏ చప్పుడూ లేదు. ఆయా గుడ్డలో చుట్టి తెచ్చింది. మగపిల్లాడు. అత్తగారు గుడ్డ తొలగించి చూసింది.

"ఎంత తెల్లగా ఉన్నాడో చూడండమ్మా" అంది. ఆవిడ ఏడుస్తూనే ఆ మాట అంది. మాత్రలు వేయనందుకు ఫలితం దక్కిందన్నట్టు అంది. నేను గోడకు తల ఆనించుకుని నిలబడ్డాను. లేకపోతే ఆవిడ మీద పడేదాన్ని.

మర్నాడు చెల్లి బాత్రూముకు లేచింది. ఆ బాత్రూము నేల ఎలా ఉంటుందో మన ఊళ్ళ ఆసుపత్రులు ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నా చెప్పులు తీసి ఆమె కాళ్ళకు తొడిగాను. ఆమె వద్దనలేదు. ఎన్నో నెలల తర్వాత చెప్పుల్లో పెట్టిన ఆ పాదాలు అడుగు వేయడానికి తడబడ్డాయి. ఆ పైరోజు పొద్దున అత్తగారు పాలగిన్నెతో వచ్చి, మంచం కింద చెప్పులూ, వాటి తడి గుర్తులూ చూసింది. వరండాలోకి వెళ్ళి కొడుకును పిలిచింది.

"మొక్కు తప్పింది. చూడు. అందుకే."

అతను మంచం కిందకు వంగి చెప్పు తీసుకున్నాడు.

మూడో దెబ్బ పడ్డాక అతనికీ మంచానికీ మధ్య దూరాను. నా నోట్లోంచి మొదట వచ్చింది వాదమే. ఎంత సిగ్గుచేటైన అలవాటో చూడండి.

"పిల్లాడు పోయి రెండ్రోజులైంది. చెప్పు తొడిగింది నిన్న. నిన్నటి పనికి అంతకు ముందే శిక్ష ఎలా పడుతుందయ్యా?"

"అమ్మవారికి నిన్నా మొన్నా ఉంటాయాండీ? ఇది మొక్కు తప్పుతుందని ఆవిడకి ముందే తెలుసు."

మా అరుగు మీద ఎవరూ దీనికి జవాబు నేర్పలేదు. అతను మళ్ళీ చెయ్యెత్తాడు. నేను ఫ్లాస్కు విసిరాను. అది అతని భుజాన్ని రాసుకుంటూ పోయి గోడకు కొట్టుకుని పగిలింది. వేడి కాఫీ అతని చొక్కా మీద చిమ్మింది. పసిపిల్లలందరూ ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. నర్సులు వచ్చి అతన్ని బయటికి నెట్టారు. ఫ్లాస్కు విసిరినందుకు నాకు ఇవాళ్టికీ విచారం లేదు. గురి తప్పినందుకు మాత్రం ఉంది.

ఆ సాయంత్రం డాక్టరు మలపరీక్ష చేయించమంది. వార్డు గుమ్మంలో కూర్చున్న అత్తగారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఛీ ఛీ, అదేం పరీక్షమ్మా? మా ఇంటి ఆడపిల్లది డబ్బాలో పెట్టి ఎవడికో చూపించడమా?"

చూపించాను. డబ్బా నేనే మోసుకెళ్ళాను. లాబ్‌లో పరీక్ష చేసే ఆయన సూక్ష్మదర్శినిలో నన్ను చూడనిచ్చాడు. పలుచని పెంకు ఉన్న కోలగుడ్డు, లోపల నాలుగు ముద్దలు. ఒకటి కాదు, గాజుపలక ఎటు జరిపినా అవే. కొంకిపురుగు గుడ్లు. డాక్టరు విడమరిచి చెప్పింది. తడి మట్టిలో ఆ గుడ్లు పగిలి కంటికి కనిపించని పిల్లపురుగులు బయటికి వస్తాయి. ఒట్టి పాదం ఎప్పుడు పడుతుందా అని కాచుకుని ఉంటాయి. వేళ్ళ సందుల్లో చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి, ఆ తొలిచిన చోటే దురద. నెత్తుటి దారిన ఊపిరితిత్తులకు, అక్కణ్ణించి గొంతుకు, గొంతు నుంచి పేగుకు చేరతాయి. పేగు గోడను పళ్ళతో పట్టుకుని రక్తం తాగుతూ ఏళ్ళ తరబడి బతుకుతాయి.

"బిడ్డను చంపింది ఇవేనాండీ?"

"ఇదొక్కటే కారణమని నేను సంతకం పెట్టలేనండీ. తిండి ఉంది, ఐరన్ మానేయడం ఉంది, ఆలస్యంగా తీసుకురావడం ఉంది. కాని తల్లి ఒంట్లోనే రక్తం లేకపోతే బిడ్డకు గాలి ఎక్కణ్ణించి వస్తుంది? ఆ రక్తాన్ని ఇవి తాగాయి." తర్వాత ఆవిడే నన్ను అడిగింది, "ఈ పురుగు మనిషి మలంలోంచి మట్టిలోకి వస్తుంది. ఈమె కాళ్ళు ఎక్కడ పెట్టింది?"

"నర్సరీలో."

"నర్సరీ మట్టిలోకి మనిషి మలం ఎలా వచ్చింది?"

దానికి జవాబు నేను కళ్ళారా చూశాను. చెల్లి బట్టలు తేవడానికి వెళ్ళిన రోజున, వెనక గేటు దగ్గర ట్యాంకరు లారీ ఆగి ఉంది. ఊళ్ళో ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ. దాని గొట్టం మట్టి గుంటలోకి వదిలి ఉంది. నల్లటి చిక్కటి జావ బుడబుడమని పడుతోంది. పచ్చటి క్రోటన్ల మధ్య నుంచి, ముక్కు మూసుకుని లారీ దగ్గరకు నడిచాను.

"ఇదేంటయ్యా?" అన్నాను డ్రైవరుతో.

"ఇంకెక్కడ పోసినా కర్రలెత్తుకుని వస్తారండి. ఇక్కడైతే రమ్మంటారండి. మొక్క ఏపుగా వస్తదండి, ఆయ్."

గుంట గట్టు మీద కూర్చుని అత్తగారు ఊక చల్లుతోంది. వేలెడంత డబ్బాను చూసి ఛీ అన్న మనిషి! ఊరి పాయిఖానా మొత్తాన్ని పెరట్లో పోయించుకుని, అందులోకి నిండు చూలాలిని ఒట్టికాళ్ళతో దింపి, పైన మంగళకరమని పేరు పెట్టిన మనిషి! ఆవిడ్ని ఆ గుంటలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. అది మాటవరసకు అనడం లేదు. చేతులు నిజంగానే ముందుకు లేచాయి.

అప్పుడు మా నాన్నగారి షరతు గుర్తొచ్చింది. ముందు ఎదుటివాళ్ళ మాట నువ్వు చెప్పు. పళ్ళు బిగించి గట్టు మీద ఆవిడ పక్కన చతికిలబడ్డాను.

"అత్తయ్యగారూ, మీరనేది ఇదేనా? మా చెల్లి మీద మీకు కోపం లేదు. బిడ్డ బతకాలనే మొక్కారు. చెప్పుల్లేకుండా నడిస్తే బిడ్డ బతుకుతుందని మీకు ఊరికే అనిపించలేదు. మీరు చూశారు."

ఆవిడ ఊక చల్లడం ఆపింది. "చూశాను. నా ఒంటి మీదే చూశాను. ముగ్గురు పోయాకే వీడు పుట్టాడు. ముగ్గురూ కడుపులోనే. అప్పుడు మొక్కుకున్నాను, చెప్పు తొడగనని. వీడు దక్కాడు."

"ఆ ముగ్గురూ కడుపులో ఉన్నప్పుడు మీకు చెప్పులుండేవా?"

ఆవిడ నా వైపు ఎగాదిగా చూసింది. "మాకెవరు కొనిచ్చారమ్మా చెప్పులు? ఆ రోజుల్లో ఆడాళ్ళందరం ఒట్టికాళ్ళే. ఇదే మట్టి తొక్కేవాళ్ళం. దొడ్లు కూడా లేవు, ఊరంతా ఈ తోటలోకే వచ్చేవాళ్ళు."

"మరి ఇతను కడుపులో ఉన్నప్పుడు?"

"మా నాన్న వచ్చి తీసుకుపోయాడు. నాలుగోదైనా నిలబడాలని పురుడు దాకా పెద్దాపురంలోనే ఉంచేసుకున్నాడు. గచ్చు ఇల్లు. కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు…"

మాట అక్కడ ఆగిపోయింది. ఆవిడ చేటను పక్కన పెట్టింది. గుంటలోకి చూసింది. తర్వాత చెయ్యి తిప్పి నా చెంప మీద కొట్టింది. ఊక నా కళ్ళలో పడింది.

"నా ముగ్గురు పిల్లల్నీ నేనే తొక్కి చంపుకున్నానంటావా?"

నేను అలా అనలేదు. నలభై ఏళ్ళ కిందటి కడుపులు ఎందుకు పోయాయో ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కాని ఆవిడకు వినిపించింది అదే. రెండోసారి కొట్టింది. మూడోసారి చెయ్యెత్తి, ఆ చేత్తోనే తన నెత్తి బాదుకోవడం మొదలుపెట్టింది. గుంటలో ఉన్న ఆడకూలీలు పరుగెత్తుకొచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. నేను వాదంలో గెలిచాను. గెలుపు ఇంత జుగుప్సగా ఉంటుందని నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదు.

చెల్లి నా దగ్గరే ఉంది. కొంకిపురుగుకు మందు వేశారు, ఐరన్ ఇచ్చారు. నెల తిరిగేసరికి కనురెప్ప లోపల ఎరుపు తిరిగింది. పచ్చి బియ్యం మీదికి మనసు పోవడం ఆగిపోయింది. అప్పుడు మా మరిది వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇంటికి రా" అన్నాడు.

"చెప్పులేసుకునే వస్తాను. మట్టి తొక్కను. ఆ లారీ గేటు లోపలికి రాకూడదు" అంది చెల్లి. "ఇంకోసారి కొడితే తిరిగి కొడతాను. మీ అమ్మగారి ముందే కొడతాను."

అతను తల వంచుకున్నాడు. సరేనన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు.

వెళ్ళొద్దని నేను ఎంత చెప్పానో! కేసు పెడదామన్నాను. నా ఇంట్లోనే ఉండమన్నాను. ఆమె సంచి సర్దుకుంటూ, "నేను నీ వ్యాసం కాదక్కా. నాకు ఆ మొక్కలు కావాలి. ఆ ఇల్లు కావాలి. బిడ్డ కావాలి. అన్నీ కావాలి, చెప్పులతో సహా" అంది. నాకు అది సమ్మతం కాదు. ఇప్పటికీ కాదు.

మూడోసారి కడుపు నిలిచింది. ఆ బిడ్డ బతికిందని ఇక్కడే చెప్పేస్తున్నాను. చదివేవాళ్ళను ఊరించడానికి ఇది రాయడం లేదు. ఆడపిల్ల. మామూలు నలుపు. ఆ పిల్ల దక్కుతుందో లేదో తేలిన రోజు మాత్రం పురుడు రోజు కాదు, అంతకు చాలా ముందు.

అయిదో నెలలో నేను వెళ్ళాను. డాక్టరు ఈ నెలల్లో వేసుకోవచ్చని ఇచ్చిన కొంకిపురుగు మందు తీసుకెళ్ళాను. చెల్లి నీలం హవాయి చెప్పులతో గులాబీల మధ్య తిరుగుతోంది. అత్తగారు నన్ను చూసి కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది. చెంపదెబ్బ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అంతలో వెనక గేటు దగ్గర హారన్ వినిపించింది.

ట్యాంకరు. మా మరిది పిలిపించాడు. ఎరువు మానేశాక క్రోటన్లు పాలిపోతున్నాయట, బేరగాళ్ళు పక్క నర్సరీకి పోతున్నారట. చెల్లి పరుగున వెళ్ళి గేటుకు అడ్డం నిలబడింది.

"తప్పుకో" అన్నాడు.

"మాట ఇచ్చారు."

"మాటలు తిని బతుకుతామేంటి? తప్పుకోవే!"

చెయ్యి పట్టి పక్కకు విసిరాడు. ఆమె వెళ్ళి లారీ టైరుకు కొట్టుకుంది. కడుపు తగలకుండా రెండు చేతులూ ముందుకు చాచింది. అరచేతులు చీరుకుపోయాయి. నేను కేకలు వేస్తూ అటు పరుగెత్తాను. డ్రైవరు గాభరాపడి, గుంటలోకి గొట్టం వదిలి మోటారు వేసేశాడు. గొట్టం లావెక్కి పాములా కదిలింది.

నాకంటే ముందు అత్తగారు వెళ్ళింది. ఆవిడ చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది. ఎప్పుడు తీసిందో చూడలేదు. కొడుకు మీదకు వెళ్తోందనుకున్నాను. అతనూ అలాగే అనుకుని వెనక్కి జరిగాడు. ఆవిడ అతన్ని దాటిపోయి, గొట్టం మీద కత్తి వేసింది. ఒక వేటుకు తెగలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ వేసింది. నోటితో ఏదో అంటోంది. అమ్మవారినో, పోయిన పిల్లల్నో, ఎవర్ని తిడుతోందో తెలియలేదు. గొట్టం తెగి, ఆ నల్లటి జావ ఫెళ్ళున ఎగజిమ్మింది. ఆవిడ చీర, చేతులు, ఒట్టి పాదాలు అన్నీ తడిసిపోయాయి. డ్రైవరు మోటారు ఆపి దూకి పారిపోయాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అమ్మా?" అని అరిచాడు మా మరిది. "మొక్కు నువ్వు మొక్కిందే కదా! చెప్పులేసుకుని తిరుగుతుంటే ఊరుకున్నావు. ఇప్పుడేమో…"

"మొక్కు నాది. అమ్మవారితో నేను చెప్పుకుంటాను" అంది ఆవిడ. ఆవిడ దేవత ఎక్కడికీ పోలేదు. నా వాదం ఆ దేవతను అంగుళం కూడా కదిలించలేదు. ఆవిడ నమ్మకం ఆవిడ దగ్గరే ఉంది. గొట్టం మాత్రం తెగింది.

చెల్లి లేచి, చీరిన అరచేతులతోనే నీళ్ళ పైపు తెచ్చింది. "బయటికి రండి అత్తయ్యా. అందులో నిలబడకండి. కాళ్ళు కడుగుతాను." ఆవిడ వచ్చి గచ్చు మీద నిలబడింది. చెల్లి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, వేళ్ళ సందులు కూడా విడదీసి కడిగింది. ఆ మడమలు ఎండిన చేనులా పగిలి ఉన్నాయి. కత్తి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. మా మరిది దగ్గరకు రాబోయాడు. ఆవిడ కత్తి ఎత్తి చూపించింది. అతను ఉన్న చోటే ఆగిపోయాడు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను మట్టి తొక్కలేదురా" అంది.

అతనికి అర్థం కాలేదు. గమ్ బూట్లతో ఆ జావ మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.